లైబ్రరీ పుస్తకాల కొనుగోలు: ఆన్‌లైన్ ఖాతా ఎవరి పేరిట, ఓటీపీ ఎవరి ఫోన్‌కు?

ఒకప్పుడు లైబ్రరీకి పుస్తకాలు కొనడమంటే కోఠి, ఆబిడ్స్ షాపుల చుట్టూ తిరగడం, లేదంటే విజయవాడ ఏలూరు రోడ్డుకు పోయి కట్టలు కట్టించి ట్రాన్స్‌పోర్టులో వేయించడం. ఉర్దూ కితాబులు కావాలంటే ఢిల్లీకి ఉత్తరం రాసి, డీడీ తీసి పంపేవాళ్లు. బిల్లు వచ్చాక చెక్కు మీద సెక్రటరీ, కోశాధికారి ఇద్దరూ సంతకం పెట్టాల్సిందే. పని నెమ్మదే, కానీ రెండో సంతకం లేకుండా రూపాయి బయటికి పోయేది కాదు.

ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ ఉర్దూ భాషా ప్రోత్సాహక మండలి పుస్తకాలైనా, మక్తబా జామియా పుస్తకాలైనా, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పుస్తకాలైనా ఫోన్ మీద ఐదు నిమిషాల్లో ఆర్డర్ పెట్టొచ్చు. సౌకర్యమే. అయితే చిన్న సొసైటీలు, ట్రస్టులు, ప్రైవేటు కాలేజీలు నడిపే లైబ్రరీల్లో ఆ ఐదు నిమిషాల పని చాలావరకు ఒక్క మనిషి చేతిలోనే ఉంటోంది. లాగిన్ ఆయనదే, ఫోన్ ఆయనదే, ఓటీపీ ఆయనకే. ఆయన నిజాయితీ మీద ఎవరికీ అనుమానం ఉండదు. కానీ ఆయన రిటైరైనా, గల్ఫ్‌కు పోయినా, సిమ్ మార్చినా, ప్రాణం మీదికి వచ్చినా లైబ్రరీ ఖాతాకు తాళం పడ్డట్టే. అంతకంటే పెద్ద ఇబ్బంది ఆడిట్‌లో వస్తుంది. సంస్థ డబ్బు ఒకరి సొంత ఖాతా మీదుగా తిరిగిందంటే, ప్రతి రూపాయికీ ఆ ఒక్కడే జవాబు చెప్పుకోవాలి. తప్పు చేయనివాడు కూడా కాగితం లేక ఇరుక్కుంటాడు.

ప్రభుత్వ లైబ్రరీల సంగతి వేరు. అక్కడ బిల్లులు ట్రెజరీ ద్వారానో, సంస్థకు కేటాయించిన ఖాతా ద్వారానో పోతాయి, కేంద్ర సంస్థలైతే జెమ్ పోర్టల్ చూడాలి. ఈ కథనంలో చెప్పేవి ప్రధానంగా సొసైటీలు, ట్రస్టులు, ప్రైవేటు కాలేజీల కొనుగోలు విభాగాలకు పనికొచ్చే సంగతులు.

ఖాతా సంస్థది, సిమ్ కూడా సంస్థదే

బ్యాంకు ఖాతా సంస్థ పేరిట, సంస్థ పాన్ మీద ఉండాలన్నది అందరికీ తెలుసు. తెలియనిది, తెలిసినా పట్టించుకోనిది ఏమిటంటే, ఆ ఖాతాకు కలిపిన మొబైల్ నంబర్, ఈమెయిల్ కూడా సంస్థవే కావాలి. సంస్థ పేరిట ఒక సిమ్ తీసుకుని, మామూలు ఫోన్‌లో వేసి ఆఫీసు బీరువాలో పెడితే ఖర్చు పెద్దగా ఉండదు. ఈమెయిల్ కూడా మనిషి పేరుతో కాక పదవి పేరుతో ఉండాలి. దాని రికవరీ నంబర్‌గా మళ్లీ లైబ్రేరియన్ సొంత నంబరే ఇస్తే మాత్రం చేసిందంతా వృథా.

చెక్కు మీద ఇద్దరు సంతకం పెట్టాల్సిన ఖాతాకు మామూలు యూపీఐ సాధారణంగా నడవదు. ఎందుకంటే యూపీఐకి ఒకే ఫోన్, ఒకే పిన్. అందుకే కొందరు సులువుగా ఉంటుందని ఖాతాను ‘ఎవరో ఒకరు నడపవచ్చు’ అనే పద్ధతిలోకి మార్పించుకుంటారు. ఇది మంచి పని కాదు. సులువు కోసం రెండో సంతకాన్ని తీసేసినట్టే. దీని బదులు సంస్థలకు బ్యాంకులు ఇచ్చే కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్ తీసుకోవాలి. అందులో ఒకరు చెల్లింపు వివరాలు ఎక్కిస్తారు, ఇంకొకరు తమ సొంత లాగిన్‌తో చూసి ఆమోదిస్తారు. బ్యాంకు భాషలో మొదటివారు మేకర్, రెండోవారు చెకర్. పాత చెక్కు మీది రెండో సంతకమే ఇది, రూపం మారిందంతే. స్టేట్ బ్యాంకులో చూస్తే ‘సరళ్’ ఒక్కరే నడిపే రకం, ‘వ్యాపార్’లో ఒకరి కంటే ఎక్కువమందికి లాగిన్లు ఇవ్వొచ్చు. ఏ బ్యాంకైనా ముందు అడిగేది కమిటీ తీర్మానం కాపీ. ఎవరు మేకర్, ఎవరు చెకర్, ఒక్కసారికి ఎంత పరిమితి అన్నవి ఆ తీర్మానంలోనే రాసుకోవాలి.

చెకర్ తన పాస్‌వర్డ్‌ను మేకర్‌కు చెప్పి ‘నువ్వే నొక్కెయ్ బాబూ’ అంటే ఈ ఏర్పాటంతా ఉత్త నాటకం. ఇది చాలాచోట్ల జరిగేదే. సెక్రటరీ సాబ్ ఊళ్లో ఉండరు, ఉన్నా కంప్యూటర్ ముందు కూర్చోరు. అలాంటప్పుడు చెకర్‌గా ఇంకొకరిని పెట్టుకోవడం మేలు గానీ పాస్‌వర్డ్ పంచుకోవడం కాదు.

పుస్తకాలు ఎంచేవారు, డబ్బు కట్టేవారు, పార్సిల్ విప్పి లెక్కపెట్టేవారు ముగ్గురూ వేరుగా ఉండాలన్నది ఆడిటర్లు చెప్పే పాత మాట. ఇద్దరే ఉన్న లైబ్రరీలో ముగ్గురు ఎక్కడినుంచి వస్తారు? కనీసం డబ్బు కట్టినవారే పార్సిల్ అందిందని సంతకం పెట్టకుండా చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

నగదే ఇస్తే గొడవ ఉండదు కదా అనుకునేవారూ ఉన్నారు. కానీ 2018 సవరణ తర్వాత ట్రస్టులకు కూడా ఆదాయపు పన్ను నియమం వర్తిస్తోంది. ఒకే వ్యక్తికి ఒకే రోజులో రూ.10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును ట్రస్టు ఖర్చుగా లెక్కలోకి తీసుకోరు. అంటే ఓ మోస్తరు పుస్తకాల బిల్లు దేనికైనా బ్యాంకు దారి తప్పదు.

షాపింగ్ సైట్లలో ఖాతా

అమెజాన్ లాంటి సైట్లలో సొంత ఖాతాతో లైబ్రరీకి పుస్తకాలు కొని, తర్వాత డబ్బు తీసుకోవడం మామూలైపోయింది. దీనివల్ల వచ్చే చిక్కులు కొన్ని అప్పుడే కనిపించవు. బిల్లు వ్యక్తి పేరిట వస్తుంది. పుస్తకం చిరిగి వచ్చి వాపస్ చేస్తే డబ్బు కట్టిన కార్డుకే తిరిగి వస్తుంది, అంటే సంస్థ ఇచ్చిన డబ్బు ఉద్యోగి సొంత ఖాతాలో పడుతుంది. ఆ వాపస్ సంగతి రాసి పెట్టకపోతే, ఆరు నెలల తర్వాత అది దొంగతనంలా కనిపిస్తుంది. క్యాష్‌బ్యాక్, రివార్డు పాయింట్లు కూడా అంతే. సంస్థ డబ్బు మీద వచ్చినవి సంస్థకే చెందుతాయి. పది రూపాయల క్యాష్‌బ్యాక్‌కు ఎవరూ గొడవపడరు గానీ, ఏడాది పొడుగునా కొంటే అది పదితో ఆగదు.

వ్యాపార సంస్థలకు వేరే రకం ఖాతాలు ఉన్నాయి. అందులో సంస్థ పేరు, చిరునామా ఒక్కసారి నమోదు చేస్తే బిల్లు ఆ పేరిటే వస్తుంది, ఒకరు ఆర్డర్ పెట్టి ఇంకొకరు ఆమోదించే వీలు కూడా ఉంటుంది. ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆర్డర్ పేజీ ఫొటో బిల్లు కాదు, పేమెంట్ సక్సెస్ అని వచ్చిన స్క్రీన్‌షాట్ అసలే కాదు. సైట్ నుంచి ఇన్వాయిస్ దించుకుని, అదే రోజు ముద్రించి ఫైలులో పెట్టాలి. అమ్మేవారు సైట్ నుంచి వెళ్లిపోతే తర్వాత ఇన్వాయిస్ సంపాదించడం కష్టం.

డబ్బు కట్ అయింది, ఆర్డర్ మాత్రం పడలేదు అనే సందర్భం తరచూ వస్తుంది. కంగారుపడి రెండోసారి కట్టేస్తారు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆన్‌లైన్ షాపులో కార్డుతోనో యూపీఐతోనో కట్టిన డబ్బు అమ్మేవారికి చేరకపోతే లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లోపు తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. కాబట్టి ఆ నంబర్ రాసుకుని ఆగడం మంచిది. అత్యవసరమైతే ముందు అమ్మేవారితో మాట్లాడి, డబ్బు అందలేదని రాతపూర్వకంగా తీసుకున్నాకే మళ్లీ కట్టాలి.

కార్డులు, ఆటో రెన్యువల్

పత్రికలు, సాఫ్ట్‌వేర్, డేటాబేస్‌లకు ఏటా చందా కట్టాలి కాబట్టి కొందరు కార్డు ఇచ్చి ఆటో రెన్యువల్ పెట్టేస్తారు. 2021 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి చెల్లింపులకు డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం ఇవ్వాలనే నియమం ఉంది. మొదట రూ.5,000గా ఉన్న పరిమితిని 2022 జూన్‌లో రూ.15,000 చేశారు. ఆ మొత్తం వరకు మళ్లీ ఓటీపీ అడగరు, దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఇక్కడ కూడా కథ సిమ్ దగ్గరికే వస్తుంది. ఆ 24 గంటల సందేశం రిటైరైన మనిషి ఫోన్‌కు పోతే, ఎవరూ చదవని పత్రికకు ఇంకో ఏడాది చందా పోయినట్టే.

విదేశీ సైట్లతో ఇంకాస్త జాగ్రత్త. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు, కార్డు నంబర్, వెనక ఉన్న మూడంకెలు ఉంటే చాలు. కార్డుపై విదేశీ వాడకం మొదట ఆపి ఉంచాలని, కావాలంటే ఖాతాదారే తెరుచుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో ఆదేశించింది. చెల్లింపు రోజు దాన్ని తెరిచి, పని అయ్యాక మూసేయడం యాప్‌లో అర నిమిషం పని. తెరిచి మరిచిపోయేవారే ఎక్కువ.

డాలర్లలో, పౌండ్లలో ధర ఉన్న పుస్తకాలకు ఏ మారకం రేటు వేశారన్నది ఆడిట్‌లో తప్పక అడుగుతారు. పుస్తక విక్రేతల సంఘాల గుడ్ ఆఫీసెస్ కమిటీ రేట్లు చాలాకాలం నడిచాయి. ఏ రేటు వాడినా కమిటీ ముందే తీర్మానించి, ఆ రోజు రేటు చూపే కాగితం బిల్లుకు కలపాలి. కార్డుతో కడితే బ్యాంకు వేసే రేటు, ఫీజు కలిసి బిల్లు మొత్తానికీ ఖాతాలో పోయిన మొత్తానికీ తేడా వస్తుంది, దాన్ని వేరే ఖర్చుగా చూపాలి.

జర్నళ్ల చందా విషయంలో ఒక పెద్ద మార్పు వచ్చింది. ‘ఒకే దేశం ఒకే చందా’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న ఆమోదం తెలిపింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్లు. 2025 జనవరి నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని 6,300 పైచిలుకు సంస్థలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా ఇవి అందుతున్నాయి, డబ్బు కేంద్రమే కడుతుంది. అంటే ఆ పరిధిలో ఉన్న యూనివర్సిటీకో కాలేజీకో అదే జర్నల్ చందా కట్టమని బిల్లు వస్తే, కట్టే ముందు ఎందుకని అడగాలి. ప్రైవేటు యాజమాన్యాలు మాత్రం ఎప్పటిలా సొంతంగా కట్టుకోవాల్సిందే.

పన్ను సంగతి క్లుప్తంగా. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. బిల్లులో పుస్తకం మీద జీఎస్టీ వేసి ఉంటే అడగాల్సిందే. అచ్చు రూపం ఉన్న ఈ-బుక్‌పై 2018 జులైలో పన్నును 5 శాతానికి తగ్గించారు. ఉన్నత విద్యాసంస్థలకు ఇచ్చే ఆన్‌లైన్ విద్యా జర్నళ్లకు 2018 జనవరిలో మినహాయింపు వచ్చింది, బడులకు అది వర్తించదు.

‘మా బ్యాంకు ఖాతా మారింది’ అనే మెయిల్

కొనుగోలు విభాగాలను ముంచే మోసాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఇందులో ఓటీపీ ఎవరూ అడగరు, లింకు ఉండదు, బెదిరింపు ఉండదు. ఏళ్లుగా పుస్తకాలు పంపే పబ్లిషర్ పేరుతో మెయిల్ వస్తుంది. పాత బిల్లు నంబర్ కూడా అందులో సరిగ్గానే ఉంటుంది. ‘ఆడిట్ కారణంగా మా పాత ఖాతా ఆగిపోయింది, ఈసారి డబ్బు ఈ కొత్త ఖాతాకు పంపండి’ అని రెండే లైన్లు. పబ్లిషర్ మెయిల్‌ను ఎవరో చొరబడి చదివి ఉంటారు, లేదా ఒక్క అక్షరం తేడాతో అలాంటిదే ఇంకో చిరునామా సృష్టించి ఉంటారు. మార్చి నెలాఖరులో ఇలాంటివి బాగా పనిచేస్తాయి. గ్రాంటు ఖర్చు కావాలి, తేదీ దాటితే డబ్బు వెనక్కి పోతుంది, అందరూ పరుగు మీద ఉంటారు.

దీనికి మందు ఫోన్ కాల్. అయితే ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కు కాదు, పాత బిల్లు మీదో, పుస్తకం వెనక అట్ట మీదో ఉన్న నంబర్‌కు. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబర్ కూడా నమ్మదగినది కాదు. పబ్లిషర్ ఔనన్నాక, కొత్త ఖాతా వివరాలు లెటర్‌హెడ్ మీద, రద్దు చేసిన చెక్కుతో సహా తీసుకోవాలి. ఖాతా మార్చేది మేకర్ అయితే ఫోన్ చేసేది చెకర్ కావాలి. ఆ తర్వాత ముందుగా ఒక్క రూపాయి పంపి, అందిందని విన్నాకే మిగతాది.

ఇంకో సదుపాయం కొత్తగా వచ్చింది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ లావాదేవీల్లో ఇదివరకు ఖాతా నంబర్ సరిపోతే చాలు, పేరు ఎవరిదైనా డబ్బు వెళ్లిపోయేది. పంపేముందే ఆ ఖాతా ఎవరి పేరిట ఉందో చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 లోపు పెట్టాలని రిజర్వ్ బ్యాంకు 2024 డిసెంబర్ 30న బ్యాంకులను ఆదేశించింది. దీనికి ఖాతాదారు నుంచి ఫీజు తీసుకోకూడదు. తెర మీద పబ్లిషర్ పేరు బదులు ఇంకెవరి పేరో కనిపిస్తే అక్కడితో ఆగిపోవాలి. ‘ఓనర్ గారి సొంత ఖాతా’ అనే సమాధానం వచ్చినా ఆగాలి, ఎందుకంటే ఆడిట్‌లో ఆ సమాధానం చెల్లదు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో చేయాల్సింది 1930కి ఫోన్. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇంకో ఫిర్యాదు. కమిటీ సమావేశం పెట్టి, తీర్మానం చేసి, మర్నాడు వెళ్దామంటే ఈలోగా ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారుతుంది. యూటీఆర్ నంబర్ చేతిలో ఉంటే పని త్వరగా అవుతుంది. 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు తప్పు లేకుండా బయటివారి వల్ల జరిగిన అనధికార లావాదేవీని బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లో చెబితే నష్టం ఖాతాదారుది కాదు. కానీ ఓటీపీ, పాస్‌వర్డ్ తామే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయిన డబ్బంతా ఖాతాదారుదే. పైన చెప్పిన మెయిల్ మోసంలో సంస్థే స్వయంగా డబ్బు పంపుతుంది కాబట్టి అది అనధికార లావాదేవీ కిందికి రావడం కష్టం. అందుకే దాని గురించి ఇంత చెప్పాల్సి వచ్చింది.

గల్ఫ్ నుంచి వచ్చే విరాళం

ఊళ్లో లైబ్రరీకి పుస్తకాలు కొనమని దుబాయ్, జెద్దా, దోహాల్లో ఉన్నవాళ్లు డబ్బు పంపడం తెలంగాణలో, రాయలసీమలో మామూలే. ఎక్కువగా నమ్మకమున్న ఒకరి సొంత యూపీఐకి పంపేస్తారు. సంస్థ ఖాతాకే పంపమని చెప్పి రసీదు ఇవ్వాలి. ఇక చట్టం మాట. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరుడు, విదేశీ సంస్థ, ఓసీఐ కార్డు ఉన్నవారు ఇస్తే మాత్రం వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా దాన్ని తీసుకోకూడదు. అనుమతి ఉన్నా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపిన యాభై డాలర్లయినా ఇదే లెక్క. పంపేవారిని పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

బిల్లు వెనక రాయాల్సిన రెండు లైన్లు

ఆన్‌లైన్‌లో కట్టినా, చెక్కు ఇచ్చినా లైబ్రరీ లెక్క ముగిసేది యాక్సెషన్ రిజిస్టర్‌లోనే. పుస్తకాలు అందాయని, రిజిస్టర్‌లో ఫలానా నంబర్ నుంచి ఫలానా నంబర్ వరకు ఎక్కించామని బిల్లు వెనక రాసి సంతకం పెట్టే పద్ధతి పాతదే. దానికి యూటీఆర్ నంబర్, తేదీ చేర్చితే చాలు. అప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక వరుస చూసి బీరువాలోని పుస్తకం దాకా వెళ్లొచ్చు. ఈ-బుక్‌కు బీరువా ఉండదు కాబట్టి ఎన్నాళ్ల హక్కు, ఎంతమందికి, ఏ లాగిన్ అన్నవి వేరే రిజిస్టర్‌లో రాయాలి.

కేంద్ర ప్రభుత్వ 2017 సాధారణ ఆర్థిక నియమాల్లో ఒక ఆసక్తికరమైన మాట ఉంది. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు 5 వరకు పోతే, అది నిర్లక్ష్యం వల్ల, మోసం వల్ల కాకుంటే, మామూలు నష్టంగానే చూస్తారు. రూ.1,000 దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. పుస్తకానికి ఉన్న ఈ వెసులుబాటు ఖాతాలో డబ్బుకు లేదు.

బాధ్యతలు మారే రోజు

ఛార్జ్ అప్పగించేటప్పుడు తాళాలు, రిజిస్టర్లు, స్టాంపులు లెక్కపెట్టి ఇస్తారు. దాంతోపాటు సిమ్, పదవి పేరిట ఉన్న మెయిల్ పాస్‌వర్డ్, దాని రికవరీ నంబర్, షాపింగ్ సైట్లలో పాత మనిషి పేరు తీసేసిన రుజువు, పబ్లిషర్ల పోర్టళ్లలో అడ్మిన్ ఎవరన్నది, నడుస్తున్న ఆటో రెన్యువల్ జాబితా కూడా రాసి ఇవ్వాలి. నెట్ బ్యాంకింగ్ లాగిన్ ఒకరి నుంచి ఒకరికి అప్పగించేది కాదు. పాతది రద్దు చేయించి, కొత్తవారికి కేవైసీతో కొత్తది తీసుకోవాలి. ఇందుకు మళ్లీ తీర్మానం కావాలి, బ్యాంకులో కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి చివరి రోజున కాక నెల ముందు మొదలుపెట్టాలి.

హఠాత్తుగా ఎవరైనా చనిపోతే మరణ ధృవపత్రం, కొత్త తీర్మానం, కొత్తవారి కేవైసీ పూర్తయ్యేదాకా ఆ సంతకం పని ఆగుతుంది. సంతకందారులుగా ఇద్దరినే పెట్టుకున్న సంస్థకు అన్నాళ్లూ ఖాతా స్తంభించిపోతుంది. ముగ్గురిని నమోదు చేసి ‘వారిలో ఏ ఇద్దరైనా’ అని బ్యాంకుకు ముందే రాసిచ్చినచోట మిగిలిన ఇద్దరి సంతకాలతో చెక్కులు నడుస్తాయి, పత్రికల చందా గడువు దాటదు.